మెడ కింది గచ్చు

మాయా శిథిలాల్లో ఏవి చూడాలో తేల్చుకోవడానికి సెలవుల్లో బయల్దేరే వాళ్ళకు ఒక సాయంత్రం చాలు. నాలుగు ఫోటోలు చూసి, ఏ ఊళ్ళో భోజనం బాగుంటుందో కనుక్కుని, టికెట్లు కొనేస్తారు. డాక్టర్ సుంకమ్మకు పదకొండు నెలలు పట్టింది. ప్రయాణం మూడు వారాల్లోకి వచ్చినా ఇంకా తేలలేదు.

ఆమెను తప్పుపట్టడానికి లేదు. మెక్సికో నుంచి వచ్చిన అనుమతి పత్రం మూడు పేజీలున్నా, అందులో అసలు సంగతి ఒక్క వాక్యమే. ఒక శిథిలం, అందులో ఒక చోటు, ఆ చోట అరచేతి వెడల్పు గచ్చు. రెండోసారి అడగడానికి వీల్లేదు. ఆ అరచేతి గచ్చు మాట్లాడిందా, హైదరాబాదు శివార్లలోని వాళ్ళ చిన్న ప్రయోగశాల నిలబడుతుంది. మాట్లాడలేదా, ఏప్రిల్లో తలుపుకు తాళం పడుతుంది. ఎనిమిదేళ్ళ పని గంగలో కలుస్తుంది.

ఆ ఆదివారం మధ్యాహ్నం సుంకమ్మ ఇంట్లో భోజనాల బల్ల మీద కంచాలకు చోటు లేదు. బల్ల నిండా పిరమిడ్లు, మెట్లు, రాజుల బొమ్మలు. ప్రయోగశాలలో యంత్రం పని చూసే ముస్తాక్ ఫోటోలను పేకముక్కల్లా పరిచాడు.

"చిచెన్ ఇట్జా అంటే డైరెక్టర్ గారు సంతోషిస్తారు మేడమ్. పేరు చెప్పగానే పత్రికల వాళ్ళు పరిగెత్తుకొస్తారు. నన్నడిగితే మాత్రం పలెంకే. గోడల మీద రాజుల బొమ్మలన్నీ గచ్చుతో చేసినవే. అదృష్టం బాగుంటే సాక్షాత్తూ రాజు గొంతే దొరకొచ్చు."

"నాకూ పలెంకే మీదే మనసు పోతోంది" అంది సుంకమ్మ. అంది కానీ గొంతులో నమ్మకం లేదు.

బల్ల చివర ఆమె తల్లి ఉరుకుందమ్మ చిక్కుడుకాయల ఈనెలు తీస్తోంది. అరవై అయిదేళ్ళ మనిషి. బేతంచర్ల చుట్టుపక్కల కోటలకు, సత్రాలకు, నీళ్ళ తొట్లకు నలభై ఏళ్ళు గానుగ సున్నం గచ్చు పూసిన చేతులవి. ఆ చేతులకు రేఖలు ఎప్పుడో అరిగిపోయాయి. ఫోటోల వైపు ఓ కన్నేసింది గానీ నోరు విప్పలేదు. ఈ యంత్రం ఊసొచ్చినప్పుడు ఆమె నోరు విప్పక రెండేళ్ళవుతోంది.

ఆ రెండేళ్ళ కథ చెప్పాలంటే ముందు ఇడ్లీల కథ చెప్పాలి.

సున్నం ఎండకు గట్టిపడదు, గాలి తాగి గట్టిపడుతుంది. అది కూడా ఉత్త గాలి కాదు, మనం వదిలే ఊపిరిలో ఉండే బొగ్గుపులుసు వాయువు. ఇది బడి పుస్తకంలో ఉన్న సంగతే. సుంకమ్మ అయితే బడికి వెళ్ళక ముందే, గానుగ పక్కన మట్టిలో ఆడుకునేటప్పుడే తల్లి నోట విన్నది: "గచ్చు ఊపిరి తాగుతాది మ్మే, దాని మొగాన పాడుకుంటా రుద్దితే గట్టిగా వస్తాది." అందరూ దాన్ని పనివాళ్ళ ముచ్చటగా వదిలేశారు. సుంకమ్మ వదల్లేదు. గోడకు జానెడు దూరంలో మొహం పెట్టి గులకరాయితో రుద్దే మనిషి పాడుతూ ఉంటే, ఆ పాట వెంట ఊపిరి హెచ్చుతూ తగ్గుతూ గోడను తాకుతుంది. గోడ తాగే వాయువూ హెచ్చుతూ తగ్గుతూ పొరలు కడుతుంది. ఆ పొరలను ఒక్కొక్కటే ఒలిచి చదవగలిగితే?

ఆరేళ్ళు చదవలేకపోయింది. ఏడో ఏట ఒక రోజు ముస్తాక్ తడి గచ్చు పలకను రుద్దుతూ, ఏం పాడాలో తోచక, క్యాంటీన్ కుర్రాడికి చెప్పే మాటలే చెప్పాడు. నెల తర్వాత ఆ పలకను యంత్రంలో పెట్టారు. ఆమ్లపు ఆవిరి పలకను పొరపొరగా కరిగించింది, ముల్లు ఊగింది, స్పీకరు డబ్బాలోంచి బొంగురు గొంతు వచ్చింది: "రెండు ఇడ్లీ, ఒక వడ, చట్నీ ఎక్కువ." ప్రయోగశాల ప్రయోగశాలంతా ఎగిరి గంతేసింది. గంతులయ్యాక చూస్తే పలక లేదు. పళ్ళెంలో చారెడు తెల్ల పొడి ఉంది. ఈ యంత్రం వినిపించాలంటే చెరిపెయ్యాల్సిందే. ఏ గోడైనా ఒక్కసారే మాట్లాడుతుంది.

ఇడ్లీల విషయంలో అది ఎవరికీ బాధ కాలేదు.

ఆ నెలలోనే బేతంచర్ల దారిలో పాత సత్రాన్ని రోడ్డు కోసం పడగొట్టారు. సత్రం కింద వాననీటి తొట్టి ఉండేది. సుంకమ్మకు ఆరేళ్ళప్పుడు దానికి గచ్చు పూసింది ఆమె తండ్రి మద్దిలేటి. ఆయన పోయి అప్పటికి నాలుగేళ్ళు. ఆయన గొంతు ఉన్న టేపు గానీ, ఫోను గానీ ఇంట్లో ఒక్కటీ లేదు. ఫోనంటే ఆయనకు సిగ్గు, చేతికిస్తే తల్లికిచ్చేసేవాడు. సుంకమ్మ పరుగున వెళ్ళి ఆ కూల్చిన కుప్పలో వంకర తిరిగిన గచ్చు ముక్క ఒకటి తెచ్చుకుంది.

తెచ్చుకున్న మనిషి ఇంటికి వెళ్ళి తల్లిని తీసుకురావాలా? తీసుకురాలేదు. ముస్తాక్ వచ్చేదాకా ఆగాలా? ఆగలేదు. ఆత్రగాడికి బుద్ధి మట్టు అన్నట్టు, యంత్రం సరిగ్గా ఉందో లేదో చూద్దామని ఉత్తినే మీట నొక్కింది. రికార్డరు తీగ కూడా తగిలించలేదు. పదకొండు సెకన్లు. ఆ పదకొండు సెకన్లూ ఆమె కళ్ళు ముల్లు మీదే ఉన్నాయి. నోటుపుస్తకంలో గబగబా రాసుకుంది: "తొమ్మిది సెకన్లు మగ గొంతు. చివరి రెండు సెకన్లు గరగర, యంత్రదోషం." అప్పుడు గానీ విన్నది తండ్రి గొంతని ఒంటికి తెలియలేదు.

ఏడుస్తూ నవ్వుతూ ఇంటికి పరిగెత్తింది. "అమ్మా, నాయన గొంతు విన్నా!"

ఉరుకుందమ్మ జొన్నపిండి పిసుకుతోంది. చేతులు పిండిలోనే ఆగిపోయాయి. "ఏమన్నాడు మ్మే?"

సుంకమ్మ నోరు తెరిచింది. రాగం గుర్తుంది, చివర్న పెట్టిన ఒక పెద్ద కేక గుర్తుంది, మాటలు లేవు. ముల్లు ఎంత ఎత్తుకు లేచిందో మాత్రం అక్షరాలా చెప్పగలదు.

"పాడినాడమ్మా... ఏదో."

"నాకూ వినిపియ్యి."

"అయిపోయిందమ్మా. ముక్క కరిగిపోయింది."

ఉరుకుందమ్మ ఒక్క మాటా అనలేదు. తిట్టి ఉంటే సుంకమ్మ ప్రాణం తేలికపడేది. ఆమె పిండి వైపు తిరిగి పిసకడం మొదలుపెట్టింది, అంతే. ఇక ఎప్పుడూ అడగలేదు. ఆ మౌనాన్ని సుంకమ్మ రెండేళ్ళుగా మోస్తూనే ఉంది.

అందుకే ఆ ఆదివారం బల్ల చివర నుంచి గొంతు వినపడేసరికి ఇద్దరూ ఉలిక్కిపడ్డారు.

"దూరపు కొండలు నునుపు" అంది ఉరుకుందమ్మ, పలెంకే ఫోటోను చిక్కుడుకాయతో పక్కకు నెడుతూ. "ఏంటికి రాజుల బొమ్మలు? రాజు ఇంట్లో పని చేసేటోడు నోరు తెరుస్తాడా? మేము కలెక్టరు బంగళాలో పూసినప్పుడు దగ్గు వస్తే బయటికి పోయి దగ్గినాం."

ముస్తాక్‌కు నవ్వొచ్చింది. "పోనీ, ఇది చూడండి పెద్దమ్మా. చిచెన్ ఇట్జా."

"ఇది ఎండలో ఉండే గోడ. పూసిన గంటకే తడి గోనె కప్పుంటారు, లేకుంటే నెర్రెలిస్తాది. గోనె వెనకాల మాటేముంటాది? గోనె వాసనుంటాది."

ముస్తాక్ నవ్వు ఆగిపోయింది. ఎనిమిదేళ్ళలో ఏ శాస్త్రవేత్తకూ గోనె గుర్తుకు రాలేదు. సుంకమ్మవైతే చిన్నప్పుడు గోనెలు తడిపిన చేతులు, అయినా గుర్తుకు రాలేదు. ఉరుకుందమ్మ ఉష్మాల్ ఫోటో చేతిలోకి తీసుకుని, కళ్ళకు దూరంగా పెట్టి చూసి, అదీ పక్కన పెట్టింది.

"ఇవన్నీ చూసే దానికి కట్టినవి. ఈ జనం నీళ్ళు యాడ దాచుకున్నారు?"

కరువు సీమలో పుట్టిన మనిషి ఏ ఊరు చూసినా ముందు అడిగే మాటే అది. సుంకమ్మ మాత్రం లేచి నిలబడింది.

"ఉత్తరాన కొండల్లో నది లేదమ్మా, చెరువు లేదు. నేలలోకి కుండలాగా గొయ్యి తవ్వి, లోపలంతా గచ్చు పూసి వాననీళ్ళు పట్టుకునేవాళ్ళు. పైన మెడ సన్నగా, కింద పొట్ట పెద్దగా ఉంటుంది. చుల్తూన్ అంటారు."

"మనిషి లోపలికి దిగి పూయవల్ల గదా?"

"దిగాల్సిందే."

"అయితే వాడు పాడే ఉంటాడు." ఉరుకుందమ్మ చిక్కుడుకాయల పళ్ళెం దించేసింది. "గుంతలో చెడ్డగాలి ఉంటాది. దిగినోడు పాడుతానే ఉండవల్ల. పైనోళ్ళు మోకు పట్టుకుని వింటా ఉండవల్ల. గొంతు ఆగితే మోకు లాగు. మా అత్త నాకు నేర్పిన మొదటి మాట అది."

"అది మన పద్ధతి పెద్దమ్మా" అన్నాడు ముస్తాక్. "వెయ్యేళ్ళ కిందటి మాయా వాళ్ళకూ అదే పద్ధతని ఏముంది?"

"గుంతలోకి దిగినోనికి భయం యా దేశంలో అయినా ఒకటే నాయనా."

"సరే, పాడాడనుకుందాం. గచ్చు వందల ఏళ్ళు నీళ్ళలో నానింది. నీళ్ళు పొరలన్నీ తినేసి ఉంటాయి."

"మెడ దాకా నీళ్ళు యాడ వస్తాయి? కరువు సీమలో తొట్టి మెడ దాకా నిండింది నేను చూళ్ళేదు. మెడ కింద పూసిన గచ్చుకు తడి తగలదు. పైగా అది ఆఖరి ముక్క. అడుగు నుంచి పూసుకుంటా వచ్చి మనిషి బయటికి వచ్చే ముందర మెడ పూస్తాడు." అలా అంటూ ఆమె ఒక్క క్షణం ఏదో తలపులోకి వెళ్ళిపోయింది. తిరిగొచ్చి, "నన్నడిగితే మెడ కింద చూడండి" అని చిక్కుడుకాయలు అందుకుంది.

డైరెక్టర్ విఠల్ గారికి ఇది చెప్పినప్పుడు ఆయన నెత్తి కొట్టుకున్నారు. "పిరమిడ్లు వదిలేసి నీళ్ళ గుంతకు పోతారా? ఇంట్లో వాళ్ళ మాట మీద? అమ్మా సుంకమ్మా, ఇది పలక్కపోతే నేను నిన్ను కాపాడలేను."

"పలక్కపోతే నేనూ కాపాడమని అడగను సార్" అంది సుంకమ్మ. అనుమతి కాగితంలో రెండు పేర్లు రాసింది. చుల్తూన్ ఉన్న ఒక చిన్న శిథిలం పేరు, సక్‌నా. ఏ పర్యాటకుల పటంలోనూ లేదు. దాని కింద, గచ్చు నిపుణురాలు: ఉరుకుందమ్మ.

*

సక్‌నా చేరేసరికి ఉదయం తొమ్మిదైంది. ఎర్రమట్టి, సున్నపురాయి, ముళ్ళ కంప. కూలిపోయిన రెండు గదులు, వాటి ముందు చదరంగా పరిచిన వాకిలి, వాకిలి మధ్య ఒక రాతి మూత. ఉరుకుందమ్మ జీపు దిగి, చెంగు తల మీదికి లాక్కుని, చుట్టూ చూసింది.

"ఇంత దూరం విమానంలో తిప్పి మళ్ళీ బేతంచర్లకే తెచ్చినావు గదే" అంది.

అక్కడి పురావస్తు అధికారి ఇత్సెల్ కనుల్ పక్క ఊరి మాయా ఆడపడుచే. నలభై ఏళ్ళుంటాయి. ఇంగ్లీషు మాట్లాడుతుంది. ఆమె తండ్రి అన్సెల్మో ఆ శిథిలాలకు కావలివాడు. వాకిలి చుట్టూ కంచె తాడు కట్టి ఉంది. తాడు అవతల ఊరి జనం యాభై మంది దాకా ఎండలో నిలబడి ఉన్నారు.

"నిబంధన ప్రకారం నిపుణులు మాత్రమే లోపల ఉండాలి" అంది ఇత్సెల్, కాస్త ఇబ్బందిగా. "వాళ్ళు దూరం నుంచి చూస్తారు. రికార్డింగు తర్వాత వినిపించవచ్చు."

సుంకమ్మ ఆ జనాన్ని చూసింది. వాళ్ళ ముందు వరసలో తన తల్లి వయసు ఆడమనిషి ఒకామె, చేతులు కట్టుకుని, ఏమీ అడక్కుండా నిలబడి ఉంది. సుంకమ్మ ఇత్సెల్ వైపు తిరిగింది.

"తర్వాత కాదు. ఈ గోడ ఒక్కసారే మాట్లాడుతుంది. ఇది వాళ్ళ గోడ. మొదట వినాల్సింది వాళ్ళు. వాళ్ళు రాకపోతే నేను మీట నొక్కను."

ఇత్సెల్ ఆమె వంక తేరిపార చూసింది. తర్వాత వెళ్ళి తన చేత్తోనే తాడు విప్పింది.

రాతి మూత తీశారు. ముస్తాక్ గాలి కొలిచే మీటరు దించి బాగానే ఉందన్నాడు. ఉరుకుందమ్మకు మీటరు మీద నమ్మకం లేదు. లాంతరు వెలిగించి తాడుతో అడుగు దాకా దించి, మంట నిలిచిందని చూశాక గానీ కూతుర్ని దిగనివ్వలేదు. కప్పీకి మోకు వేసి, ఊరి వాళ్ళు నలుగురు పట్టుకున్నారు. మోకు మొదట్లో చెయ్యి మాత్రం ఉరుకుందమ్మదే. ఎప్పుడు వదలాలో, ఎప్పుడు లాగాలో చెప్పేది ఆమె.

తాడు పీట మీద కూర్చుని సుంకమ్మ మెడలోకి దిగింది. భుజాలు రాసుకునేంత ఇరుకు. మెడ దాటగానే చీకటి పొట్ట ఒకటి కాళ్ళ కింద తెరుచుకుంది. తల్లి చెప్పినట్టు దీపం కట్టేసి, అరచేత్తో గోడను తడిమింది. "గులకరాయి గీత అడ్డం పోతాండేది ఒక తావ నిలువుకు తిరుగుతాది. యాడ తిరిగిందో అదే ఆఖరి ముక్క." తడిమింది. అడ్డం. ఇంకా అడ్డం. చల్లటి, నున్నటి, వెయ్యేళ్ళ గచ్చు. మనిషి చెయ్యి తిరిగిన దారి వేళ్ళకు తెలుస్తోంది.

"సుంకీ! గొంతేది?" పైనుంచి కేక.

"వెతుకుతున్నానమ్మా!"

"వెతుకుతా పాడు. పాడకుంటే లాగేస్తా!"

డాక్టర్ సుంకమ్మకు పాట రాదు. చచ్చినట్టు ఎక్కాలు మొదలుపెట్టింది. పదమూడో ఎక్కం సగంలో ఉండగా వేళ్ళ కింద గీత నిలువుకు తిరిగింది. మెడకు సరిగ్గా కింద, పైన వంగిన తల్లి మొహానికి చేతి పొడుగు దూరంలో.

"దొరికింది!"

యంత్రపు గిన్నెను ఆ చోట ఆనించి పట్టుకుంది. ముస్తాక్ రికార్డర్లు తగిలించాడు. ఒకటి కాదు, మూడు. మూడూ తగిలించినట్టు సుంకమ్మ గట్టిగా చెప్పించుకుంది. తర్వాత, "పైన డబ్బా గొంతు పెంచు. అందరికీ వినపడాలి" అంది. కళ్ళు మూసుకుంది. ఈసారి ముల్లు చూడదల్చుకోలేదు.

మీట నొక్కారు.

మొదట ఏమీ లేదు. ఆవిరి బుసబుస. ఆ నిశ్శబ్దంలో సుంకమ్మకు ప్రయోగశాల తలుపు, దాని తాళం, విఠల్ గారి మొహం వరసగా కనిపించాయి. అయిదు సెకన్లు. ఆరు. పోయింది అనుకుంది.

అప్పుడు రాయి రుద్దుతున్న చప్పుడుకు తగ్గట్టు ఒక మగ గొంతు పైకి లేచింది.

పాటే. అనుమానం లేదు. గొప్ప గొంతేం కాదు. కాస్త బొంగురుగా, అలసటగా, పని చివరికొచ్చిన మనిషి తనకోసం తాను పాడుకుంటున్నట్టు, మూడు మెట్లు ఎక్కి రెండు మెట్లు దిగే చిన్న రాగం. పైన డబ్బాలోంచి వచ్చి, మెడలోంచి దూకి, తొట్టి పొట్టలో పడి మోగింది. వెయ్యేళ్ళ తర్వాత ఆ గొంతు మళ్ళీ తాను పూసిన గోడల మధ్యకే వచ్చింది. సుంకమ్మ కన్నీళ్ళు తుడుచుకోవడానికి కూడా చెయ్యి తియ్యలేదు, గిన్నె జారుతుందని.

పాట ఆగింది. రుద్దుడు ఆగింది. ఆ మనిషి ఏదో కేక పెట్టాడు, పొట్టి మాటలు రెండు. వెంటనే ఒక గరగర, దాని మీద, పల్చగా, పైనుంచి వంగినట్టు, ఒక ఆడ గొంతు. ఆమె ఏదో అంది. అతను ఇంకో మాట అన్నాడు, సాగదీసి, పెద్దగా. ఆమె నవ్వింది.

నవ్వుతోనే అయిపోయింది. మొత్తం పందొమ్మిది సెకన్లు.

వాకిలి మీద అన్సెల్మో టోపీ తీసి గుండెకు ఆనించుకున్నాడు. "హా" అన్నాడు నెమ్మదిగా. పక్కనున్నామె అదే అంది. ఒకరి తర్వాత ఒకరు అదే మాట అంటూ, ఉన్నట్టుండి ఊరు ఊరంతా అరుపులతో, చప్పట్లతో, ఏడుపులతో లేచింది. ఇత్సెల్ మెడ మీదికి వంగి కిందికి కేకేసింది: "మూడు రికార్డర్లలోనూ వచ్చింది! డాక్టర్, వచ్చింది! ఒక మాట మా అందరికీ తెలిసింది. హా అంటే నీళ్ళు. అప్పుడూ అదే, ఇప్పుడూ అదే!"

ముస్తాక్ ఎగురుతూ ఎవరినో కౌగిలించుకుంటున్నాడు. సుంకమ్మ కింద వేలాడుతూనే వెక్కి వెక్కి నవ్వింది.

"పని అయిపోయింది, ఇంక నీళ్ళు రానీ అంటాండాడు" అంది ఉరుకుందమ్మ, ఎవరూ అడక్కుండానే.

సుంకమ్మ దాన్ని ఇంగ్లీషులో చెప్పింది. ఇత్సెల్ తల ఊపింది. "కావచ్చు. కానీ చివర్న సాగదీసి అన్న మాట ఉందే, అది మాలో ఎవరికీ తెలియదు. మాటలా లేదు. ఏదైనా పేరేమో."

ఇది తల్లికి చెప్పింది సుంకమ్మ.

"పేరే" అంది ఉరుకుందమ్మ పైనుంచి. "సుంకీ, సత్రం తొట్టిలోంచి నువ్వు తెచ్చుకున్న ముక్క ఎట్లా ఉండె?"

ఇన్నేళ్ళకు అడిగింది. "వంకరగా ఉండిందమ్మా."

"ఎంత వంకర?"

సుంకమ్మ చేత్తో తన పక్కనున్న మెడను చూపించింది. "ఇదిగో, ఇంత."

"నువ్వు పొట్ట ముక్క తెచ్చుకున్నావనుకుంటి నేను." ఉరుకుందమ్మ మోకు పట్టుకునే బోర్లా పడుకుని, మెడలోకి మొహం పెట్టింది. "అది మెడ కింది గచ్చు మ్మే. అయితే మీ నాయన ఏమన్నాడో నాకు తెలుసు. మా పనోళ్ళల్లో ఒక ఆట ఉండేది. మొగుడు గుంతలో ఉంటే మోకు పెండ్లాం చేతిలో ఉంటాది. పని అయినంక లాగు అంటాడు. ఆమె ఊరికే లాగదు. పేరు చెప్పు, లాగుతా అంటాది. బయట ఏమే, ఓసే అనేటోడు గుంతలో పేరు చెప్పక తప్పదు. మీ నాయన నలభై ఏండ్లల్లో నా పేరు పలికింది గుంతల్లోనే. బయట ఒక్క తూరి గూడ పలకలే."

సుంకమ్మకు ఆ పెద్ద కేక చెవుల్లో మోగింది. అన్నాళ్ళూ రాగంగా మాత్రమే గుర్తున్న ఆ సాగదీత ఇప్పుడు అక్షరాలు తొడుక్కుంది. ఊ-రు-కుం-దా. అదే. అదే అన్నాడు.

"చివర్న రెండు సెకన్లు గరగర వచ్చిందమ్మా" అంది ఏడుస్తూ. "యంత్రదోషమని రాసుకున్నా."

"దోషమెట్లా అవుతాది? అది నేనే" అంది ఉరుకుందమ్మ. "నవ్వినా. ప్రతి తూరి నవ్వేదాన్ని."

మోకు పట్టుకున్న నలుగురికీ ఒక్క ముక్క అర్థం కాలేదు. అయినా ఆ ముసలామె మొహం చూసి వాళ్ళూ నవ్వారు. రెండేళ్ళ తర్వాత తల్లి మొహంలో ఆ వెలుగు చూసి, ప్రయోగశాల మాట అటుంచి, తాను పుట్టినందుకు ఈ ఒక్కటి చాలనిపించింది సుంకమ్మకు.

"సరే, ఏడ్చింది చాల్లే. వాళ్ళ గోడకు బొక్క పెట్టి పోతామా?" ఉరుకుందమ్మ లేచి కూర్చుని చిన్న బకెట్టు దించింది. ముందు రోజే, బస చేసిన ఊళ్ళో అన్సెల్మోతో సైగలతో మాట్లాడి, అక్కడి సున్నం తెప్పించి నూరింది. సున్నంలో కలపడానికి కరక్కాయ దొరక్కపోతే, ఆయన ఏదో చెట్టు బెరడు నానబెట్టిన ఎర్ర నీళ్ళు తెచ్చిచ్చాడు. ఆమె వేలితో నాకి చూసి, పనికొస్తుందని తల ఊపింది.

గోడలో అరచేతి వెడల్పున తెల్లటి గుంట మిగిలింది. సుంకమ్మ అందులో గచ్చు నింపి, తల్లి ఇచ్చిన గులకరాయితో రుద్దింది. అడ్డంగా మొదలుపెట్టి, చివర్న నిలువుకు తిప్పింది. వెయ్యేళ్ళ కిందటి చెయ్యి తిరిగిన చోటనే తన చెయ్యీ తిరిగింది. రుద్దినంతసేపూ ఆ మూడు మెట్లెక్కి రెండు దిగే రాగం తనకు తెలియకుండానే పాడింది. పైన ఊరి ఆడవాళ్ళు గొంతు కలిపారు.

పని అయింది. ఆమె తలెత్తింది. గుండ్రటి ఆకాశం మధ్య తల్లి మొహం.

"అయిపోయిందమ్మా. లాగు."

మోకు కదల్లేదు.

"పేరు చెప్పు, లాగుతా" అంది ఉరుకుందమ్మ.

కన్నతల్లిని పేరు పెట్టి పిలిచే అలవాటు సుంకమ్మకు ఎక్కడిది? ఒక్క క్షణం సిగ్గుపడింది. తర్వాత గుండెల నిండా గాలి పీల్చుకుని, తొట్టి మోగిపోయేలా, వాకిలి మీదున్న యాభై మందీ ఉలిక్కిపడేలా, తండ్రి సాగదీసినట్టే సాగదీసి కేక పెట్టింది.

"ఉరుకుందా!"

పైన తల్లి పకపకా నవ్వింది. మోకు లేచింది. సుంకమ్మ మొహానికి జానెడు దూరంలో తడి గచ్చు ఊపిరి తాగుతోంది.